పసుపు సీసా పట్టుకున్న చుక్క

నా చిన్నప్పుడు, రక్తం కూడా పాలలాగే విరిగిపోతుందని ఒక పూటంతా నమ్మాను.

అమ్మకు కాన్పు దగ్గరపడితే బీర్కూర్ నుంచి బాన్సువాడకు తీసుకొచ్చారు. ఆపరేషన్ చేయాలి, రక్తం సిద్ధంగా ఉంచుకోండని దవాఖానలో చెప్పారు. అక్కడి ల్యాబులో పనిచేసేది మా చిన్నమ్మే. తెల్లటి పలక మీద అమ్మ రక్తం రెండు చుక్కలు వేసి, ఒకదానిలో నీలం సీసాలోని మందు, రెండోదానిలో పసుపు సీసాలోని మందు కలిపింది. మొదటిది నునుపుగా ఉండిపోయింది. రెండోది నేను చూస్తుండగానే పలుకులు పలుకులైంది, అచ్చం నిమ్మరసం పడ్డ పాలలా.

అమ్మ రక్తం పాడైపోయిందనుకున్నాను. ఎవరినైనా అడిగే ధైర్యం నాకెప్పుడూ లేదు. వరండాలో బెంచీ చివర కూర్చున్నాను. మా మేనమామ బిస్కెట్లు ఇస్తే తల తిప్పుకున్నాను. "ఏందే, నోరు ఇంట్ల పెట్టి వచ్చినవా?" అన్నాడు. ఇక ఏడుపు ఆగలేదు.

చిన్నమ్మ నన్ను లోపలికి తీసుకెళ్లింది. చాలాసేపటికి నా భయం బయటపెట్టాను. ఆమె నవ్వలేదు. నా వేలిని సూదితో పొడిచి, పలక మీద చుక్క వేసి, పసుపు మందు కలిపింది. నా రక్తమూ అలాగే అయింది.

"నీది గూడ గట్లనే అయ్యింది. నీకేమన్న అయ్యిందా? ఇరిగిపోవుడు కాదే, గుర్తుపట్టుడు. గీ మందు బి రకం నెత్తురు కనవడితేనే చేతులు చాపి పట్టుకుంటది. వేరే రకాన్ని పలకరియ్యను గూడ పలకరియ్యది."

ఆ మందు ఎక్కడిదో కూడా చెప్పింది. ఎలుకకు బి రకం రక్తకణాలు ఎక్కిస్తారట. వాటిని పట్టుకునే మందును తయారుచేసే కణాలు దాని ఒంట్లో పుడతాయట. వాటిని చావులేని మరో రకం కణాలతో కలిపి, సరిగ్గా గుర్తుపట్టేదాన్ని ఏరి, గాజు పాత్రల్లో పెంచుతారట. అవి వదిలిన నీళ్లకే రంగు కలిపి సీసాల్లో పోస్తారట.

"మనింట్ల ఎలుకలు వడ్లు బుక్కుడు తప్ప ఏం నేర్వలే," అన్నాడు గుమ్మంలోంచి మామ.

"దా అన్నా, నువ్వు గూడ వేలియ్యి," అంది చిన్నమ్మ. మామ చుక్కనూ పసుపు మందే పట్టుకుంది. మిగతా పరీక్షలూ కుదిరాయి. మామ ఇవ్వడంతో అమ్మకు రక్తం దొరికింది. సాయంత్రానికి తమ్ముడు పుట్టాడు. మత్తు వదిలి కళ్లు తెరవగానే అమ్మ నా గురించే అడిగింది.

ఇంటికి బయలుదేరేటప్పుడు చిన్నమ్మ నా వేలు పట్టి చూస్తూ, "అందరితోటి మాట్లాడకున్నా ఏం ఫికర్ లేదు. నీ వాళ్లు కనవడితే మాత్రం చెయ్యి ఇడువకు," అంది.

గుంపులో నాకు ఇప్పటికీ మాట పెగలదు. అందుకు సిగ్గుపడటం మాత్రం ఆ రోజే మానేశాను. పెళ్లిళ్లలో గోడవారన నిలబడి, నా మనిషి అనిపించే ఒక్కరి కోసం చూస్తుంటాను. కనబడగానే నేనే వెళ్లి చేయి పట్టుకుంటాను.