పైడమ్మ కాలంటే నేను కడుపన్నాను

మొన్న గురువారం నేను చేసిన ఘనకార్యం మీ దాకా ఇంకా రాలేదా? అయితే టీ పట్టుకుని ఇలా కూర్చోండి, నేనే చెప్పేస్తాను. వేరేవాళ్ళ నోట వింటే ఇంకో నాలుగు ముక్కలు కలిపి చెప్తారు. ప్రశ్న తయారుచేసింది నేనే. మార్కుల షీటు గీసింది నేనే. చివరికి ఫెయిలైంది కూడా నేనే! అదీ ఎక్కడ? యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దాయన కళ్ళెదురుగా!

అసలు తప్పంతా ఆ వైజాగ్ వర్క్‌షాపుది. నర్సింగ్ పిల్లలకి పాఠం ఎలా చెప్పాలి అని మూడు రోజులు మాకు పాఠం చెప్పారు. ఇరవై ఏళ్ళుగా నేను బోర్డు మీద రాస్తున్నాను, పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటున్నారు, పరీక్షలో మళ్ళీ నాకే రాసిస్తున్నారు. అదంతా పాతబడిపోయిందట. ఇప్పుడు ఏం చెయ్యాలంటే, పేషెంటులా నటించే మనిషిని ఒకర్ని తెచ్చి కూర్చోబెట్టాలి. ఆ మనిషికి ఒక జబ్బు కథ నేర్పాలి. కథలో ఒక ముక్క దాచిపెట్టాలి. స్టూడెంటు వచ్చి, ఓపికగా మాట్లాడి, ఆ దాచిన ముక్క బయటికి లాగాలి. ఎంత బాగా విన్నదో ఆ పేషెంటే మార్కులు వెయ్యాలి.

నాకు తెగ నచ్చేసింది! తిరుగు బస్సు విజయనగరం చేరేలోపే ప్లానంతా గీసేశాను. మర్నాడు వెళ్ళి మా ప్రిన్సిపాల్ మేడం ముందు పెట్టాను.

ఆవిడ కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, "సూర్యకళా, ఒక్క ఛాన్సిస్తాను. గురువారం యూనివర్సిటీ నుంచి ఒక సార్ వస్తున్నారు. ఆయనకి నచ్చితే ఇకమీదట మన ప్రాక్టికల్స్ ఇలాగే పెడదాం. నచ్చకపోతే మళ్ళీ నీ చార్టులు, నీ స్కేలు బద్ద" అన్నారు.

ఇంక పేషెంటు కావాలి కదా! ఆఫీసులో ఎవర్ని అడిగినా, "జబ్బని నోటితో అనకూడదు మేడం" అని తప్పించుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది మా పైడమ్మ. భోగాపురం అవతల సముద్రం ఒడ్డు నుంచి గంప పట్టుకుని ఆటోలో వస్తుంది. వీధి మొదట్లో "సేపలమ్మా" అని ఒక్క కేక వేస్తే వీధి చివర పిల్లులు లేచి ఒళ్ళు విరుచుకుంటాయి. అంత గొంతు, అంత ధైర్యం ఇంకెవరికుంది?

విషయం చెప్పాను. గంప దించి, నడుము మీద చెయ్యేసుకుని అడిగింది.

"అయితే నాను జబ్బు మనిసినాగ యేసం కట్టాలా?"

"అవును పైడమ్మా. పిల్లలు అడిగితే నేను నేర్పిన కథ చెప్పాలి."

"అంటే అబద్దం సెప్పాలి."

"అబద్ధం కాదు, పాఠం."

"మా ఊర్లో దాన్ని అబద్దమే అంటారమ్మా" అని పకపకా నవ్వింది. "సర్లే, వస్తాను. గానీ రెండు గంటలకల్లా ఒగ్గీయాల. ఆటో పోతాది."

కథ చాలా సింపుల్. పది రోజులుగా కడుపులో మంట. దాచిన ముక్క ఏంటంటే, మోకాళ్ళ నొప్పికని కిరాణా కొట్లో బిళ్ళలు కొని తెగ మింగేస్తోంది. మంటకి కారణం అవే. స్టూడెంటు సరిగ్గా అడిగితేనే ఆ బిళ్ళల సంగతి చెప్పాలి.

మా వసారాలో రిహార్సల్ పెట్టాను. నేను నర్సులా కుర్చీలో సర్దుకుని, పిల్లలకి నేర్పినట్టే నిండుగా అడిగాను. "అమ్మా, మీకు కలిగిన అసౌకర్యం ఏమిటి?"

పైడమ్మ అటూ ఇటూ చూసింది. "అసవుకర్యం అంటే ఏటమ్మా?"

"అంటే... బాధ."

"మరి బాద అనొచ్చు కదేటి!"

మీకు తెలుసుగా, నాకూ ఇంట్లో వచ్చేది ఆ 'ఏటి'యే. కానీ క్లాసులో మాత్రం ఎవరైనా 'ఏటి' అంటే ఊరుకోను. "పేషెంటుతో మర్యాదగా, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడాలి" అని పిల్లల్ని వాయించేస్తుంటాను.

ఇక్కడ మీకు ఇంకో మనిషి గురించి చెప్పాలి. ఢిల్లీశ్వరి అని మా థర్డ్ ఇయర్ పిల్ల. శ్రీముఖలింగం దగ్గర పల్లెటూరు, హాస్టల్లో ఉంటుంది. ప్రశ్న వేస్తే ముందు నా మొహం చూస్తుంది, తర్వాత బెంచీ చూస్తుంది, ఇంతలో బెల్లు కొట్టేస్తారు. ఆ అమ్మాయి రిపోర్టులో నా చేత్తో నేనే రాశాను, "కమ్యూనికేషన్ పూర్" అని. అందుకని గురువారానికి నేను గలగలా మాట్లాడే ముగ్గురు పిల్లల్ని ముందే ఏరి పెట్టుకున్నాను.

గురువారం వచ్చింది. పొద్దున్న ఆ ముగ్గురితో చివరి రిహార్సల్ చేయించాను. అబ్బ, పైడమ్మ ఏం నటించిందనుకున్నారు! కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. మూడోసారికి కన్నీళ్ళు కూడా తెప్పించింది. నాకు ధైర్యం వచ్చేసింది.

పదకొండింటికి యూనివర్సిటీ సార్ వచ్చారు. సన్నగా, తెల్లచొక్కా, చేతిలో ఫైలు. ప్రిన్సిపాల్ మేడం పక్కన కూర్చున్నారు. నేను నా మొదటి పిల్లని పిలవబోతుంటే చెయ్యెత్తారు.

"అటెండెన్స్ రిజిస్టర్ ఇవ్వండమ్మా. పేరు నేను పిలుస్తాను."

ఆయన వేలు కాగితం మీద కిందికి, కిందికి పోయి ఆగింది.

"ఢిల్లీశ్వరి! పేరు బాగుంది. ఈ అమ్మాయి రావాలి."

నలభై మందిలో ఆ పిల్లే దొరకాలా!

వచ్చింది. కూర్చుంది. పైడమ్మ కూడా తలుపు దగ్గర్నుంచి నడిచొచ్చి ఎదురుగా కూర్చుంది. ఇంక మాట్లాడాలి కదా? మాట్లాడదే! పైడమ్మ మొహం చూస్తుంది. కిందికి చూస్తుంది. మళ్ళీ మొహం చూస్తుంది. సార్ ఫైల్లో ఏదో రాసుకుంటున్నారు. ప్రిన్సిపాల్ మేడం నావైపు చూసిన చూపులో చార్టులు, స్కేలు బద్ద అన్నీ కనపడ్డాయి నాకు.

చివరికి ఢిల్లీశ్వరి నోరు తెరిచి, మెల్లగా, "పిన్నీ, కుంటుతున్నావేటి?" అంది.

కుంటడమేంటి! ఏటి అనడమేంటి! కథలో కుంటడం ఎక్కడుంది? ఇంక ఆగలేకపోయాను. ఒక్క ఉదుటున లేచి, "నువ్వు లేమ్మా! సార్, ఎలా మాట్లాడాలో నేను ఒకసారి చేసి చూపిస్తాను" అని ఆ పిల్లని లేపి ఆ కుర్చీలో నేను కూర్చున్నాను.

కూర్చుని నవ్వాను. వర్క్‌షాపులో నేర్పిన నవ్వు. పెన్ను తీశాను. "నమస్కారం అమ్మా. మీకు కలిగిన బాధ ఏమిటి?"

పైడమ్మ ఢిల్లీశ్వరి వైపు చూసి, నావైపు తిరిగి అంది. "అదేనమ్మా, ఆ గుంట అడిగింది కదా. నా కాలు..."

"కాలు కాదమ్మా" అన్నాను నేను, నవ్వు చెదరకుండా. "కడుపు. మీకు కడుపులో ఏదో అవుతోంది కదా?"

"కడుపు సంగతి ఒగ్గీయమ్మా. పొద్దున్నుంచి ముగ్గురికి సెప్పినాను. కాలు..."

మనిషి కథ మర్చిపోయింది! సార్‌కి కనపడకుండా ఫైలు అడ్డం పెట్టుకుని, "కడుపు... మంట... పది రోజులు" అని పెదాలతో అందించడం మొదలుపెట్టాను. అర్థం కాలేదు. సరే అని నా కడుపు మీద నేనే చెయ్యి పెట్టుకుని గుండ్రంగా తిప్పి, మొహం బాధగా పెట్టి చూపించాను.

పైడమ్మ ఒక్కసారి కుర్చీలోంచి లేచింది. "ఓలమ్మో! మేడమ్మకి కడుపులో ఏటో అవుతంది! నీల్లు తెండర్రా బేగి!"

వెనక బెంచీ నుంచి ఇద్దరు వాటర్ బాటిళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఒకమ్మాయి ఏకంగా నా నాడి పట్టుకుని గోడ గడియారం చూస్తోంది. ప్రిన్సిపాల్ మేడం కంగారుగా, "సూర్యకళా, టిఫిన్ తినలేదా?" అంటున్నారు. "నాకేటీ అవలేదు!" అని అరిచాను నేను. చూశారా, ఆ కంగారులో నా నోటంట కూడా ఆ 'ఏటి' వచ్చేసింది!

అందర్నీ వెనక్కి తోలి, మళ్ళీ కూర్చుని, ఇంక ఓపిక లేక నేనే అడిగేశాను. "మీరు మోకాళ్ళ నొప్పికి కిరాణా కొట్లో బిళ్ళలు కొని వాడుతున్నారు, అవునా కాదా?"

అంటే దాచిన ముక్క నేనే చెప్పేశాను.

"మోకాలు కాదమ్మా, పాదం!" అంది పైడమ్మ. ఇప్పుడామెకీ విసుగొచ్చింది. "ఎంత సెప్పినా నీకు నా కడుపు మీదే మోజేటి!"

క్లాసంతా ఘొల్లుమంది. నేను పెన్ను టేబుల్ మీద పడేసి, ఈ ముసిల్దాన్ని నమ్ముకోవడం నాది బుద్ధితక్కువ అనుకుంటూ తలెత్తేసరికి, ఢిల్లీశ్వరి కింద కూర్చుని ఉంది. నేల మీద. పైడమ్మ పాదం తన ఒళ్ళో పెట్టుకుని, దానికి చుట్టిన పాత చీరముక్క విప్పుతోంది.

"ఎన్నాళ్ళయింది పిన్నీ?"

"పది దినాలు అయ్యుంటాది. సేప ముల్లు గుచ్చుకున్నాది."

"నొప్పెడతందా?"

"అదే ఇసిత్రం గుంటా. నొప్పే నేదు. నడుస్తంటే తడితడిగా ఉంటాది, అంతే."

నవ్వులు ఆగిపోయాయి. నేను వంగి చూశాను. బొటనవేలు కింద పుండు, రూపాయి బిళ్ళంత. చుట్టూ నల్లబడుతోంది. అంత పుండు నొప్పి లేకుండా ఉందంటే ఏమిటో థర్డ్ ఇయర్ పిల్లలందరికీ తెలుసు. నేనే బోర్డు మీద రాసి చెప్పాను. పుస్తకంలో ఉన్నంతసేపూ నాకూ తెలుసు.

ఢిల్లీశ్వరి నావైపు చూసి, "మేడం, షుగర్ చూడాలి" అంది. అంతే. ఏడాది మొత్తం మీద నాతో ఆ పిల్ల పూర్తిగా చెప్పిన మొదటి వాక్యం.

ల్యాబ్ నుంచి మెషీన్ తెచ్చి చూస్తే మూడొందలు దాటి ఉంది. పైడమ్మకి షుగరుందని పైడమ్మకే తెలీదు. పుండు కడిగి కట్టు కట్టారు. అప్పటికప్పుడు ఆటోలో పెద్దాసుపత్రికి పంపాం, తోడు ఢిల్లీశ్వరి. డాక్టరు గారు చూసి, ఇంకో వారం ఆగి ఉంటే వేలు తీసేయాల్సి వచ్చేదన్నారట. ఇప్పుడు మందులతో తగ్గిపోతుందట. ఆ మాట ఫోన్లో విన్నాక గానీ నాకు అన్నం లోపలికి పోలేదు. ఆ పాదమే మా వసారాలో నా ఎదురుగా రెండు రోజులు కూర్చుని రిహార్సల్ చేసింది. నేను కడుపు చూస్తూ కూర్చున్నాను.

అన్నట్టు, మార్కుల సంగతి! ఆటో ఎక్కే ముందు ప్రిన్సిపాల్ మేడం షీటు ఇచ్చి వెయ్యమన్నారు. చదువు రాని వాళ్ళకోసమని నేను మూడు బొమ్మలు గీశాను. నవ్వు మొహం, మామూలు మొహం, ఏడుపు మొహం. పైడమ్మ ఢిల్లీశ్వరి పేరు ఎక్కడని అడిగి, నవ్వు మొహం మీద వేలిముద్ర వేసినంత గట్టిగా టిక్కు కొట్టింది. "మరి మేడమ్మది?" అంది. నా పేరు షీట్లో లేదు. అయినా అడిగి మరీ రాయించి, ఏడుపు మొహం మీద కొట్టింది. "ఏటనుకోకమ్మా, నువ్వు మంచిదానివే" అని నా బుగ్గ పుణికి ఆటో ఎక్కింది.

ఇంక మిగిలింది సార్. ఫైలు మూసి నా దగ్గరికి వచ్చారు. తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను.

"అద్భుతం అండీ!" అన్నారు. "నిజమైన పుండుతో పేషెంటుని తేవడం, కథలో లేని లక్షణం పెట్టడం... ఇవన్నీ ఒక ఎత్తు. పేషెంటు మాట వినని నర్సు ఎలా ఉంటుందో మీరు చేసి చూపించారు చూడండీ, ఎంత సహజంగా ఉందో! నా సర్వీసులో ఇలాంటి డెమో చూళ్ళేదు."

నేను ప్రిన్సిపాల్ మేడం వైపు చూశాను. ఆవిడ కిటికీ వైపు చూశారు. ఢిల్లీశ్వరి మొహం గుర్తొచ్చి, దాచబుద్ధి కాలేదు.

"సార్, అది నటన కాదండి. నేను నిజంగానే వినలేదు."

ఆయన ఫక్కున నవ్వి నా భుజం తట్టినంత పని చేశారు. "ఆ వినయం చూడండి మేడం! అదీ టీచరంటే!"

ఎంత చెప్పినా వినరే!

రిపోర్టులో ఢిల్లీశ్వరి పేరు పక్కన నేను రాసింది ఆ సాయంత్రమే కొట్టేశాను. నిన్న కాలేజీకి యూనివర్సిటీ నుంచి లెటర్ వచ్చింది. మా కొత్త పద్ధతికి వాళ్ళు ఓకే అన్నారు. వచ్చే నెల శ్రీకాకుళంలో టీచర్లందరికీ ట్రైనింగు. అందులో "పేషెంటు మాట వినని నర్సు" పాత్ర నేనే వెయ్యాలట. కింద నా పేరు మీద ప్రత్యేక అభినందన కూడా! ఇరవై ఏళ్ళ సర్వీసులో నాకొచ్చిన మొదటి అభినందన.

ఇంటికి తెచ్చి మా ఆయనకి ఇచ్చాను. ఆయన ఆ లెటరు రెండుసార్లు చదివి, మడిచి, భద్రంగా బీరువాలో పెట్టి అన్నారు కదా...

"పోన్లే కళా, ఇన్నాళ్ళకి ఎవరో ఒకరు గుర్తించారు."