పరగడుపున రమ్మన్న మనిషి

సూదక్క అసలు పేరు మా ల్యాబులో ఎవరికీ గుర్తులేదు. ఇరవై రెండేళ్లు ఒకే కుర్చీ పక్కన నిలబడి రక్తం తీసింది. గుచ్చే ముందు ఆమె అడిగేది ఒకే ప్రశ్న, పరగడుపునే వచ్చారా అని. టీ తాగి వచ్చామని ఎవరైనా నసిగితే, ఎంత పెద్ద ఉద్యోగి అయినా సరే, రేపు రమ్మని తిప్పి పంపేది. కౌంటరు దగ్గర రిపోర్టులు టైపు చేసే నాకు ఆ చీవాట్లు వినడం ఒక కాలక్షేపం. ఆమె పద్ధతి మీద నాకు గౌరవమూ ఉండేది, చిరాకూ ఉండేది. చిరాకు కాస్త ఎక్కువ.

ఆమెకు ఉన్నదల్లా ఒక చెల్లెలు. తల్లి పోయేనాటికి ఆ పిల్లకు తొమ్మిదేళ్లు, సూదక్కకు ఇరవై. పెళ్లి మాట ఎత్తితే, ముందు దీన్ని ఒడ్డున పడెయ్యనీ అనేది. తర్వాత ఎత్తేవాళ్లే లేకపోయారు. చెల్లెలు పెద్దదై, వాళ్లు అద్దెకుండే రెండు గదుల కిందనే ఉన్న బేకరీలో పిండి పిసికే పనికి కుదిరింది. ఆమె చేతి రొట్టె కోసం జనం వరస కడతారంటే నేను నమ్మలేదు. వెళ్లి తిన్నాక నోరు మూసుకున్నాను.

పని మీద ఎంత ప్రాణమున్నా చెల్లెలికి ఒళ్లు సహకరించలేదు. కడుపుబ్బరం, నెలకు పది రోజులు విరేచనాలు, ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా ఒంటికి పట్టని రక్తం. ముప్పై రెండేళ్లకే పుల్లలా అయిపోయింది. చివరికి ఒక డాక్టరు, గోధుమ పడని సీలియాక్ జబ్బేమో చూద్దామని రక్తపరీక్ష రాశాడు. ముందు ఏం చేయాలో చెప్పబోయి, అక్క ల్యాబు మనిషని తెలిసి, మీకు తెలియందేముందని ఆగిపోయాడట.

తెలియదు. మాలో ఎవరికీ తెలియదు. ఆ పరీక్ష మా దగ్గర జరగదు. రక్తం తీసి పెద్ద ల్యాబుకు పంపుతాం, వాళ్లిచ్చిన అంకెలు నేను మా కాగితం మీద ఎక్కిస్తాను, అంతే. సూదక్క తనకు అలవాటైన పద్ధతే పట్టుకుంది. చక్కెర పరీక్షకు ఒక పూట పస్తుండాలంటే, గోధుమ పరీక్షకు గోధుమ మానాలి, ఎన్ని ఎక్కువ రోజులు మానితే ఫలితం అంత కచ్చితం అనుకుంది. మూడు నెలలు చెల్లెలి నోట్లో రొట్టె ముక్క పడనివ్వలేదు. బేకరీ యజమానిని బతిమాలి పిండి బల్ల దగ్గర్నుంచి బిల్లుల దగ్గరకు మార్పించింది. చెల్లెల్ని పరీక్షకు కాదు, పరుగుపందేనికి తయారు చేస్తున్నావని నేను వెక్కిరించాను కూడా.

రక్తం తనే తీసింది. వారం తిరక్కుండా ఫలితం వచ్చింది, జబ్బు లేదని. ఆ కాగితం టైపు చేసింది నేనే. సూదక్క నా చేతిలోంచి లాక్కుని చదివి, రోగుల కుర్చీలో కూలబడి సంతోషంతో ఏడ్చింది. మర్నాడే చెల్లెలు మళ్లీ రొట్టె తిని, పిండి బల్ల దగ్గరకు వెళ్లిపోయింది.

తర్వాత ఏడేళ్లు ఆ కాగితమే అందరినీ ఏలింది. కడుపునొప్పి అంటే గ్యాసు అన్నారు, నీరసమంటే పని ఎక్కువన్నారు. ఒకసారి మెట్టు తప్పి మణికట్టు విరిగితే చూసుకుని నడవమన్నారు. ఏ డాక్టరైనా మళ్లీ గోధుమ సంగతి ఎత్తితే, చెల్లెలు సంచిలోంచి ఆ కాగితం తీసి ముందు పెట్టేది. ఆయన నోరు మూయించానని ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకునేది.

నలభై నిండకముందే పేగులో గడ్డ బయటపడింది. ఆసుపత్రిలో మళ్లీ రక్తం పరీక్షించారు. ఈసారి అంకె హద్దుకు ఇరవై రెట్లుంది. పేగు ముక్క తీసి చూస్తే, ఏళ్ల తరబడి గోధుమతో పాడైపోయిన పేగు, అందులో క్యాన్సరు. పాత కాగితం చూసిన డాక్టరమ్మ, అప్పట్లో పరీక్ష ముందు గోధుమ తింటూనే ఉందా అని సూదక్కను అడిగింది. మానేస్తే ఒళ్లు దానితో పోరాడటం ఆపేస్తుందనీ, ఆ పోరాటం లేకపోతే జబ్బున్నా రక్తంలో కనపడదనీ, ఈ పరీక్షకు తింటూనే రావాలనీ, పదిమందికి చెప్పే మాటే ఈమెకూ చెప్పింది. మర్నాడు సూదక్క ల్యాబుకొచ్చి ఇదంతా నాకు చెప్పింది. అప్పుడు నీకెలా తెలుస్తుందక్కా, ఊరుకో అన్నాను.

"తెలియకుండానే ఏడేళ్లు విషం తినిపించానే" అంది.

ఆ కాగితం టైపు కొట్టిన నా వేళ్లను చూస్తే నాకే అసహ్యమేసింది.

చెల్లెలికి చెప్పొద్దని ఎంతో నచ్చజెప్పాను. మందులు పనిచేయలేదు, డాక్టర్లు చేతులెత్తేశారు, ఇప్పుడు చెప్పి ఏం బావుకుంటావని కసిరాను. వినలేదు. శనివారం నన్ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. మంచం మీద చెల్లెలు ఎముకల గూడులా ఉంది. సూదక్క మంచం పట్టె పట్టుకుని, ఒక్క ముక్క దాచకుండా మొత్తం చెప్పింది. మానిపించింది నేను, తప్పు నాది అంది.

చెల్లెలు చేయి చాపి పట్టె మీదున్న అక్క చేతిని పట్టుకుంది. తిట్టినా బాగుండునని నాకనిపించింది.

"అక్కా, ఆ మూడు నెలలూ నాకు బాగుంది" అంది. "రెండు వారాలకే నొప్పి పోయింది. ఆకలేసేది. నువ్వు పనికెళ్లాక మెట్లన్నీ పరిగెత్తి ఎక్కేదాన్ని."

"మరి నాకు చెప్పలేదేమే?"

"చెబితే పిండి బల్ల దగ్గరకు మళ్లీ పోనివ్వవని."

సూదక్క కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది. ఆ తర్వాత చెల్లెలు పంతొమ్మిది రోజులు బతికింది. తప్పెవరిదన్న మాట ఇద్దరి మధ్యా మళ్లీ రాలేదు. ఆ మూడు నెలల్లో ఏ రోజు ఏం తిన్నావు, ఎంతదూరం నడిచావు, ఏమని నవ్వుకున్నావు అని మాత్రం సూదక్క అడిగి అడిగి చెప్పించుకుంది.