పాఠం కోసం దొంగతనం

నా సంచీని దొంగ ఎత్తుకుపోతాడని నాకు ముందురోజే తెలుసు. ఏ రంగు సంచీ తేవాలో కూడా ప్రొఫెసర్‌గారే చెప్పారు.

తొంభైల చివరి మాట. గుంటూరులో మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పుకునే నేను, ఒక ఏడాది పరిశోధన కోసం హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయపు నేరశాస్త్ర విభాగానికి అతిథిగా వచ్చాను. కళ్లారా చూసినవాళ్లు కోర్టులో తప్పు మనిషిని ఎందుకు చూపిస్తారన్నది నా విషయం. విభాగమంటే గొప్పగా ఊహించుకోకండి. రేకుల కప్పు కింద మూడు గదులు, వెనక కూలిపోయిన ప్రహరీ, దాని పక్కనే మాదాపూర్ వైపు పోయే మట్టిరోడ్డు. రోడ్డుకు అవతల గుట్ట మీద కంప్యూటర్ కంపెనీల కోసం బండలు పేల్చి నేల చదును చేస్తున్నారు. పాఠం మధ్యలో ఢామ్మంటే నల్లబల్ల మీద సుద్దపొడి రాలేది.

పేల్చే ముందు విజిల్ ఊదేవారు. వెంటనే ఎర్రజెండా పట్టుకుని ఒకాయన రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చి, వచ్చేపోయేవాళ్లను ఆపేవాడు. పాలమూరు నుంచి వలస వచ్చిన మనిషి. ఎప్పుడూ చిరిగిన బనియన్, మోకాళ్ల పైకి కట్టిన లుంగీ. నేను బస్సు దిగి వస్తుంటే "జర ఆగమ్మా, బండ పేలుతది" అనేవాడు. నాకసలే ఓపిక తక్కువ. "మీ బండలు పాడుగాను, రోజూ నేనొచ్చే వేళకేనా?" అని విసుక్కుంటే నవ్వేవాడు. ఒకరోజు అలా నిలబెట్టినప్పుడే తన ఎడమచెయ్యి చూపించాడు. రాళ్లు కొడుతూ సమ్మెట దెబ్బ తగిలించుకున్నాడట, వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి.

"గీ చెయ్యితోని ఇగ రాయి కొట్టలేనమ్మా. మేస్త్రి దయతలిచి జెండా ఇచ్చిండు. గిది గూడ పోతే నన్నెవడు పనికి పిలుస్తడు?" అన్నాడు.

ఆ విభాగంలో ఏటా ఒక ఆనవాయితీ ఉంది. కొత్త బ్యాచ్ విద్యార్థుల ముందు, వాళ్లకు తెలియకుండా, ఒక దొంగతనం ఆడిస్తారు. ఆ తర్వాత దొంగ ఎలా ఉన్నాడో చెప్పమంటారు. తలా ఒక రకంగా చెబుతారు. సాక్ష్యం ఎంత నమ్మరానిదో అప్పుడు తలకెక్కుతుందని ప్రొఫెసర్‌గారి నమ్మకం. ఆ ఏడు సంచీ పోగొట్టుకునే పాత్ర అతిథినైన నాకిచ్చారు. దొంగ, నాటకాలు వేసే ఒక పరిచయస్తుడు. సంచీ లాక్కుని బయటికి పోయి, చుట్టు తిరిగి ప్రొఫెసర్‌గారి గదిలో కూర్చుని టీ తాగాలి. "సంచీ ఎర్రగా ఉంటే మంచిదండి, కళ్లలో పడుతుంది" అన్నారు ఆయన. పిల్లలు వెంటపడితేనో అని అడిగాను. "ఎవరూ కుర్చీలోంచి కదలరండి. ఏటా చూస్తున్నాగా" అని ధీమాగా చెప్పారు.

ఆ ఏడు కదిలారు.

తెల్లచొక్కా చక్కగా టక్ చేసుకుని, కళ్లజోడు పెట్టుకుని అతను వచ్చాడు. బల్ల మీది సంచీ లాక్కున్నాడు, పోయాడు. నేను కేకెయ్యాలి, వేశాను. మరీ బాగా వేశాను కాబోలు, మగపిల్లలంతా "దొంగ! దొంగ!" అంటూ ఒక్క ఉదుటున బయటపడ్డారు. ప్రొఫెసర్‌గారు చేతులెత్తి ఆగండాగండి అంటూనే ఉన్నారు. సరిగ్గా అప్పుడే అవతల విజిల్ మోగింది.

నేను కూలిన ప్రహరీ దగ్గరికి చేరేసరికి వాళ్ల చేతిలో జెండా ఆయన ఉన్నాడు. చంకలో ఎర్రగుడ్డ పెట్టుకుని పరుగెడుతున్న మనిషి కనిపించాడు, పట్టేసుకున్నారు. ఒకడు చెయ్యి మెలిపెట్టాడు. ఇంకొకడు చెంపల మీద కొడుతున్నాడు. "సంచీ ఎక్కడ పడేశావురా?"

"ఇడువుండ్రి సార్, బండ పేలుతది, రోడ్డు మీదికి పోవాలె" అని ఆయన మొత్తుకుంటున్నాడు. పెదవి చిట్లి రక్తం కారుతోంది.

"వదలండి! ఆయన కాదు! అసలు దొంగతనమే జరగలేదు, అంతా నాటకం!" అని అరిచాను.

కొట్టినవాడు నా వైపు జాలిగా చూశాడు. "వీడే మేడం. నా కళ్లతో చూశాను. మీరు షాక్‌లో ఉన్నారు, కూర్చోండి." ముందువారమే సాక్షుల పొరపాట్ల మీద సెమినార్ ఇచ్చిన కుర్రాడు. నేనే భేష్ అన్నాను.

బండ పేలింది. ఆపేవాళ్లు లేని రోడ్డు మీద రాళ్లు వర్షంలా పడ్డాయి. ఒక ఆటో, అద్దం పగిలి, రోడ్డు పక్క కాలవలోకి ఒరిగింది. దేవుడి దయ, డ్రైవరు నుదురు చీరుకుపోవడంతో సరిపోయింది.

అప్పుడొచ్చారు ప్రొఫెసర్‌గారు, నా సంచీ పట్టుకుని. దాన్ని తీయించింది తానేనని చెప్పారు. పిల్లల చేతులు వాటంతటవే కిందికి దిగాయి. "మరి ఇతనెందుకు పరుగెత్తాడు సార్?" అన్నాడు సెమినార్ కుర్రాడు, ఇంకా నమ్మకం కుదరక. ప్రొఫెసర్‌గారు జెండా ఆయన భుజం తట్టి "సారీ బాబూ" అన్నారు. ఆ వెంటనే పిల్లల వైపు తిరిగారు. "చూశారా? ఇదే నేను చెప్పేది! పదండి, మరిచిపోకముందే లోపల మాట్లాడుకుందాం." ఆయన ముఖంలో ఉత్సాహం చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత చదువూ ఒక మనిషి మూతి పగలగొట్టడానికా అని అందరి ముందే అరిచాను. ఆయన నొచ్చుకున్నారు. తరవాత మాట్లాడదామండి అని పిల్లల్ని తోలుకుని వెళ్లిపోయారు.

ఇంతలో మేస్త్రి ఊగిపోతూ వచ్చాడు. "రోడ్డు ఇడిశి ఈడేం జేస్తున్నవ్‌రా?" జరిగిందంతా నేను చెప్పాను. చేతులు కట్టుకుని మర్యాదగానే విన్నాడు.

"మీరు జెప్తే నిజమే అయితదమ్మా. గాని ఆటో ఆయిన తల పగిలింది. రేపు మనిషే సస్తే నేను జైలుకు పోవాలె. గీయనను దొంగతనంల పట్టుకున్నరని గుట్టంత ఒకటే మాట. గిసొంటోన్ని ఎట్ల పెట్టుకుంట?"

బతిమాలాను, గొడవ పడ్డాను, పోలీసుల దగ్గరికి పోతానన్నాను. మేస్త్రి కింద పడిన జెండా తీసి దులిపి, వెనకున్న ఇంకో మనిషికిచ్చి వెళ్లిపోయాడు.

జెండా ఆయన కూలిన గోడ మీద కూర్చుని తువ్వాలుతో పెదవి తుడుచుకుంటున్నాడు. పక్కన కూర్చున్నాను. మనుషులు ఎలా పొరబడతారో పిల్లలకు నేర్పడానికి ఇలా చేశామని, ఆయనకు అర్థమయ్యే మాటల్లో చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అంటే దొంగతనం ఉత్తదే?"

"ఉత్తదే."

"సంచి పోలే?"

"పోలేదు."

తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. "మరి నన్ను కొట్టింది?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ఆయన నా ముఖంలోకి చూసి, లేచి, కూలీల గుడిసెల వైపు నడిచాడు.

రేకుల గదిలోంచి ప్రొఫెసర్‌గారి గొంతు వినిపిస్తోంది. దొంగ ఏం వేసుకున్నాడో బాగా గుర్తు చేసుకుని చెప్పమంటున్నారు.

"చిరిగిన బనియన్ సార్" అన్నారెవరో, ఏ తడబాటూ లేకుండా.