పోటు మీద తీసిన తూము

అడవిపొలం ఊళ్లో ఫిలోమినాకున్న అరెకరం ఒకప్పుడు రొయ్యల చెరువు. ఉప్పెక్కిన ఆ నేల బాగుపడాలని ఏళ్లుగా వాననీళ్లతో కడిగి, పేడ, ఆకు తొక్కించి, ఈసారి జీలుగ చల్లింది. మొదటిసారి నిండుగా మొలిచింది. దాన్ని దున్ని నేలలో కలిపేస్తే వరి వేయవచ్చని ఆశపడింది.

ఆ ఉదయం చేనంతా నీళ్లు నిలిచి ఉన్నాయి. గట్టు మీద భర్త జోజి నవ్వుతున్నాడు.

"మొక్కలు వాడిపోతన్నాయని నేనే కాలువ తూము తీసానే."

ఆమె వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"పోటు మీద తీసావా మావా? ఇన్నేళ్లూ కడిగిన ఉప్పంతా మళ్లీ తెచ్చిపోసావు!"

జోజి నవ్వు ఆగిపోయింది. చేపల వేటకెళ్లే అతనికి పోటంటే పడవ తేలే వేళే. అప్పుడు కాలువలోకి సముద్రపు నీరు ఎగదన్నుతుందన్నది తట్టలేదు.

కాలువ తగ్గితే గానీ ఆ నీళ్లు బయటికి పోవు. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. ఫిలోమినా మొక్కల వైపు చూడలేకపోయింది.