సైగలమ్మ, రెండు లైన్ల రౌటరు

వీధిలో అందరూ ఆమెను సైగలమ్మ అనేవారు. చెవులు వినపడని రోగులకూ ఆసుపత్రి డాక్టర్లకూ మధ్య ఆమె దుబాసీ. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని, డాక్టరు మాటను వీడియోలో చేతులతో చెప్పేది. పుట్టు చెవిటి అయిన అక్కతో పెరిగింది కనుక ఆమెకు మాటలకంటే ముందు సైగలే వచ్చాయి.

ఆ శనివారం ఉదయం ఒక నిండు గర్భిణికి డాక్టరు మాటలు అందిస్తుండగా వీడియోలో బొమ్మ బిగుసుకుపోయింది. "బిడ్డ గుండె" అన్న సైగ దగ్గర ఆమె చేతులు గాలిలో నిలిచిపోయాయి. తర్వాతి మాట "బాగానే కొట్టుకుంటోంది" అన్నది. అది చేరేలోగా అవతల ఆ పిల్ల భోరుమంది.

తప్పు ఇంట్లోనే ఉంది. మామగారి టీవీ, మరిది ఆటలు, తన కాల్స్ అన్నీ ఒకే ఇంటర్నెట్ లైను మీద పడి తోసుకునేవి. అందుకే కిందటి వారమే రెండో లైను పెట్టించింది. బిగించినవాడు "రౌటరే చూసుకుంటుందమ్మా" అని చేతులు దులుపుకుని పోయాడు. అది ఏం చూసుకుంటోందో దానికే తెలియాలి.

మధ్యాహ్నం పట్టుదలగా, ఎవరు ఏ లైనులో పోవాలో రాసే రౌటింగ్ పేజీ తెరిచింది. ఇంట్లో అందరూ పాత లైను అని ఒక రూలు. తన కంప్యూటరు కొత్త లైను అని దాని కింద ఇంకోటి. సేవ్ చేసింది. తన కంప్యూటరు మళ్లీ పాత లైనులోనే పోతోంది! చెరిపి రాసింది, రాసి చెరిపింది. సేవ్ నొక్కినప్పుడల్లా ఇల్లంతా నెట్ పోయేది.

"వదినా, మళ్లీ పోయింది! గెలిచే ఆట!" పక్కగదిలోంచి మరిది కేక.

హెల్ప్‌లైనుకు ఫోన్ చేస్తే అవతలివాడు, "ఒకసారి ఆపి ఆన్ చేయండి మేడం" అన్నాడు.

"ఇందాకట్నుంచీ అదే పనండీ. రూలు ఎందుకు పనిచేయట్లేదో చెప్పండి."

"ఒకసారి ఆపి..."

ఆమె ఫోన్ మంచం మీదికి విసిరేసి మంచినీళ్లకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి మామగారు గుండుసూదితో రౌటరు వెనక కన్నంలో పొడుస్తున్నారు.

"ఏం చేస్తున్నారు మావయ్యగారూ?"

"నీ వల్ల కావట్లేదుగా అమ్మాయ్. రీసెట్ కొట్టాను. దెబ్బకు దారికొస్తుంది."

ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది. లైన్ల పాస్‌వర్డులతో సహా అంతా తుడిచిపెట్టుకుపోయింది. కోపంతో ఆమెకు నోటికంటే ముందు చేతులు లేచాయి. పెళ్లయ్యాక దిగమింగుకున్నవన్నీ ఆ వేళ్లలోంచి దూకాయి. ఆయనకు ఒక్క సైగా తెలియదు. అయినా ఒక్కటీ అర్థం కాకుండా పోలేదు.

కాసేపటికి ఆయన కళ్లజోడు సర్దుకుని, రౌటరు బోర్లించి, బిగించినవాడు అడుగున చీమతలకాయంత అక్షరాలతో రాసిన పాస్‌వర్డులు పైకి చదవసాగారు. ఆమె ఆయనవైపు చూడకుండానే టైపు చేసింది. లైన్లు వచ్చాయి. రూళ్లు మళ్లీ రాసింది.

ఆయన తెర చూసి, "అందరూ పాత లైను అని రాశావు. ఆ అందరిలో నువ్వు లేవా?" అన్నారు, దెప్పుతున్నట్టు.

ఆమె చెయ్యి ఆగింది. ఆ యంత్రం రూళ్లను పైనుంచి కిందికి చదువుతోంది. మొదటి రూలులోనే తననూ కలిపేసుకుని రెండోదాని మొహమైనా చూడటం లేదు. పక్కనున్న చిన్న బాణం నొక్కి తన రూలును పైకి జరిపింది. కంప్యూటరు కొత్త లైను పట్టుకుంది. సంతోషం రాలేదు. ఈ చిన్న బాణానికా ఇంత యాతన అని ఒళ్లు మండింది.

సోమవారం ఒక ముసలాయన పంటినొప్పి గురించి తీరిగ్గా, చేతులూపుతూ, చెప్పిందే చెప్పాడు. బొమ్మ ఒక్కసారీ ఆగలేదు. కాల్ ముగిశాక ఆసుపత్రి ఆఫీసు నుంచి కబురు: ఆ గర్భిణి వేరే దుబాసీ కావాలని అడిగిందట.

సైగలమ్మ ఆ పిల్లను తప్పుపట్టలేకపోయింది. ఎవరిని తప్పుపట్టాలో తెలియక, తర్వాతి కాల్‌కు జుట్టు సవరించుకుంది.