ఏం కూర తిన్నావని అడిగే డాక్టరు

బూర్గంపాడు డాక్టరు సారు పోయారని మొన్న సంతలో చేపలమ్మే ఆమె చెప్పింది. తూచిన చేపలు అక్కడే వదిలేసి వచ్చాను. ముందు ఏడుపు రాలేదు, భయమేసింది. నా కోడలికి మళ్ళీ ఎనిమిదో నెల.

నాకు అక్షరం రాదు. పక్కింటి టీచరమ్మ రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తగా చెయ్యొద్దన్నాను.

జ్వరమని వెళ్ళినా, నడుము నొప్పని వెళ్ళినా సారు చెయ్యి పట్టుకుని "ఏం కూర తిన్నావమ్మా?" అని అడిగేవారు. తిండిపోతు డాక్టరని నవ్వుకునేవాళ్ళం. చెప్పినవాళ్ళకు మందు రాసి పంపేవారు. చెప్పలేక చూసేవాళ్ళను మాత్రం కూర్చోబెట్టేవారు.

తొలి కాన్పయిన మూడో నెలలో కోడలు కడుపునొప్పంటూ మంచం దిగలేదు. గాలి సోకింది, మంత్రగాడి దగ్గరికి పదమన్నారు చుట్టాలు. నేను వినకుండా దవాఖానాకు తీసుకుపోయాను.

సారు పొట్ట నొక్కి చూసి, కూర సంగతి అడిగారు. కోడలు గోడవైపు చూసింది.

"బీరకాయ సారూ, నేనే వండిన" అన్నాను.

"నిన్నడగలేదమ్మా. నోరూరుతుంటే బయట బజ్జీలున్నాయ్, పో."

వరసలో వాళ్ళంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. "చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?" అన్నారు కోడలితో.

నేను లేచాను. "గదేం మాట సారూ! లేని ఆలోచన పుట్టిస్తవా?"

"అడిగితే పుట్టదమ్మా. అడక్కపోతేనే పెరుగుద్ది."

అప్పుడు కోడలు నోరు విప్పింది. "బాయికాడికి పోయిన అత్తా. పిల్ల ఏడుపు ఇనబడి మల్లొచ్చిన."

లేచినదాన్ని కోడలి పక్కనే కూర్చున్నాను.

"మనసు కూడా ఒంట్లోదేనమ్మా. దానికీ జబ్బు చేస్తుంది, మందూ ఉంటుంది" అన్నారు సారు. గోలీలు పనిచేయడానికి వారాలు పడతాయని, మధ్యలో మానొద్దని, కోడల్ని ఒంటరిగా వదలొద్దని చెప్పారు. మిరపచేను పురుగుమందు డబ్బా ఇంట్లోంచి ఆ రోజే తీయించారు. పిల్లను కూడా తీసుకుని వారం వారం రమ్మన్నారు. వెళ్ళాం.

ఒకరోజు అన్నం తింటూ కోడలు, "పులుసుల ఉప్పెక్కువైంది అత్తా" అంది. ఇంకెవరన్నా ఆ మాటంటే ఊరుకునేదాన్ని కాదు. ఆ రోజు మాత్రం, కోడలి నోటికి మళ్ళీ రుచి తెలిసిందని ఆ పులుసు గిన్నెలో పోసుకుని సారుకు చూపించడానికి వెళ్ళాను. ఆయన ఒక చుక్క నాకి, "నిజమే, ఎక్కువైంది" అన్నారు.

కొత్తగా వచ్చే డాక్టరు ఏం కూర తిన్నావని అడుగుతారో లేదో. ఇది వినే అత్తలు, అమ్మలు, మీరైనా అడగండి.

ఈ పొద్దున గోంగూర తుంచుతూ, "ఏం కూర వండమంటవే?" అన్నాను. కోడలు వాకిలి వైపే చూస్తోంది. మళ్ళీ అడిగాను. పలకలేదు.

పొయ్యి మీద ఎసరు దించేసి, ఆమె ఎదురుగా కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. సారు లేరు. ఆ రోజు ఆయన అడిగిన రెండో మాట నేనే అడగాలి.