మూడో పిలుపు

మా పైగదిలో తొమ్మిదేళ్ళు కిరాయికి ఉన్న పెద్దాయన పోయాడని మంగళవారం పొద్దున ఏడింటికి ఫోన్ వచ్చింది. చేసింది ఎల్బీనగర్ చౌరస్తా అవతల వెల్డింగు షాపు నడిపే తమ్ముడు. మా సంఘంలో అందరికంటే చిన్నవాడు. పలకరింపులేమీ లేకుండా నేరుగా విషయంలోకి వచ్చేశాడు.

"పెద్దమనిషి పోయిండు సార్. బాటసింగారంల, గోదాముల మేనల్లుని గదిలనే. గోదాము ఓనరు లోపల ఉంచనిస్తలేడు. అంబులెన్సు మాట్లాడినం. యాడికి తేవాలె?"

ఆ చివరి మాట దగ్గర ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ణి నేను. జవాబు తట్టని ప్రశ్న ఎవరైనా అడిగితే "రేపు చూద్దాం" అని బోర్డు తుడిచెయ్యడం నాకు అలవాటు. ఈ ప్రశ్నకి జవాబు నాకు బాగా తెలుసు. ఆయన ఎవరో, యాడికి తేవాలని నన్నే ఎందుకు అడిగారో చెబితేగానీ ఆ పొద్దున నేనెందుకు తటపటాయించానో మీకు అర్థం కాదు.

ఆయనది నల్గొండ పక్క పల్లెటూరు. పండ్ల మార్కెట్టు కొత్తపేటలో ఉన్నన్నాళ్ళూ అక్కడ హమాలీ. బత్తాయి బస్తాలు మోసి మోసి ఎడమ భుజం మీద చర్మం కాయకాసింది. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. అద్దెకు దిగిన రోజున, ఈ నగరంలో ఇంటి ఓనర్లందరూ పెట్టే షరతే నేనూ పెట్టబోయాను. "పెద్దాయనా, ఏమీ అనుకోవద్దు. ఇంటర్ చదివే అమ్మాయి ఉంది, భయస్తురాలు. రేపు ఏదైనా అయితే..." అని నసుగుతుంటే మిగతాది ఆయనే అందుకున్నాడు.

"పీనుగను గేటు లోపలికి తేవద్దు. గంతేనా సార్? పరేషాన్ కాకు. నేను బయటనే పోత."

నవ్వుతూ అన్నాడు. హమ్మయ్య అనుకుని నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇవాళ్టికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మార్కెట్టు బాటసింగారం తరలిపోయాక కూడా ఆయన రోజూ బస్సెక్కి వెళ్ళొచ్చేవాడు. బరువులు ఎత్తే వయసు దాటినా మార్కెట్టు చూడకపోతే ముద్ద దిగేది కాదు. మా ఆవిడది గుంటూరు పక్క. ఆయన మెట్లు దిగుతుంటే "బాబాయ్ గారూ, గొడుగు తీసుకెళ్ళండి, మబ్బుగా ఉంది" అనేది. "పోయొస్త బిడ్డా" అనేవాడాయన. గొడుగు మాత్రం ఒక్కనాడూ తీసుకెళ్ళలేదు. సాయంత్రం వచ్చేటప్పుడు ఒక బత్తాయి తెచ్చి గేటు దిమ్మె మీద పెట్టి పైకి పోయేవాడు.

ఆయనకో వింత అలవాటుండేది. ఎవరినైనా ఒక్కసారి ఎగాదిగా చూసి బరువు చెప్పేసేవాడు. కిలో అటూ ఇటూ కూడా తప్పేది కాదు. "డెబ్బై తొమ్మిదికొచ్చినవ్ సార్. జర తగ్గు. మా పోరగాళ్ళ భుజాలు ఖరాబైతయ్" అని నన్ను ఆటపట్టించేవాడు. అందరం నవ్వేవాళ్ళం. ఆయన ఏ బరువు గురించి మాట్లాడుతున్నాడో మాకు తర్వాతెప్పుడో తెలిసింది.

నాలుగేళ్ళ కిందట ఎండాకాలంలో మా నాన్నగారు పోయారు. చుట్టాలంతా ఇంకా విజయవాడ హైవే మీదే ఉన్నారు. అమావాస్య గడియలు రాకముందే తియ్యాలని పంతులుగారి తొందర. మా వీధివాళ్ళు వచ్చి, చేతులు కట్టుకుని కాసేపు నిలబడి, ఒక్కొక్కరే సర్దుకున్నారు. అన్నదమ్ములు లేనివాణ్ణి. నాలుగు భుజాలు ఎక్కణ్ణుంచి తేవాలో తోచక మెట్ల మీద కూలబడితే పెద్దాయన పైనుంచి దిగొచ్చి ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడాడు. అరగంటలో పదకొండు మంది వచ్చారు. నాన్నగారిని సొంత తండ్రిలాగే మోశారు. అంతా అయ్యాక మంచినీళ్ళిస్తే ఒక్కరూ ముట్టలేదు.

"మోసినంక నీళ్ళు తాగితే కూలి అయితది సార్" అన్నాడు పెద్దాయన.

అలా తెలిసింది నాకు ఆ సంఘం సంగతి. మార్కెట్టు హమాలీలు ఎప్పుడో మొదలుపెట్టుకున్నది. బోర్డు లేదు, ఆఫీసు లేదు. ఊరు వదిలి వచ్చినవాడు ఇక్కడ దిక్కులేకుండా పోకూడదన్నదే దాని కట్టుబాటు. పోయినవాణ్ణి మొయ్యాలి. కిరాయి ఇంటి ఓనరు గుమ్మం తొక్కనివ్వకపోతే సొంతిల్లున్న సభ్యుడు తన వాకిట్లో చోటివ్వాలి. నేనూ చేరతానని ఆ వారంలోనే అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు నీకు దుఃఖముంది సార్. దుఃఖంల మాట ఇయ్యద్దు. ఏడాది ఆగు. అప్పటికి యాదికుంటే అడుగు."

ఏడాది ఆగి అడిగాను. మోసేవాళ్ళు చెప్పులు లేకుండా నడుస్తారు కాబట్టి మొదట మూడు చావుల దగ్గర వాళ్ళ చెప్పులకు కాపలా ఉండమన్నారు. కుర్రాళ్ళకు కాలిక్యులస్ చెప్పే మాస్టారు గోనెసంచీలో పదకొండు జతల చెప్పులు పట్టుకుని శవం వెనక నడిచాడు. చిన్నతనమనిపించింది మొదట్లో. మూడోసారికి ఏమీ అనిపించలేదు. అదే కావాలన్నాడు పెద్దాయన.

తర్వాత సంఘంవాళ్ళు ఇద్దరు మా ఇంటికొచ్చారు. నన్ను కాదు, మా ఆవిణ్ణి అడిగారు. "మా దాంట్ల ఎవరన్నా పోతే, యాడ జాగ దొరకకుంటే, గేటు తెరుస్తవా అమ్మా?" ఆమె నా మొహంలోకి చూసింది. నేను పంకా వైపు చూశాను. ఆమే "అలాగేనండీ" అంది.

చివరి ఘట్టం ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం, బాలాపూర్ దారిలో ఓ ఖాళీ ప్లాటులో జరిగింది. పచ్చి వెదురుతో పాడె కట్టి ఉంది. దాని మీద నన్ను పడుకోమన్నారు. బతికుండగా పాడెక్కడం! ఇంట్లో చెప్పకుండా వచ్చినందుకు బతికిపోయాననుకున్నాను. ఛాతీ దగ్గర ఒక తువ్వాలు, మోకాళ్ళ దగ్గర ఒక తువ్వాలు కట్టి నలుగురు భుజాలకెత్తుకున్నారు. పైన కరెంటు తీగలు, వాటి పైన ఒక గద్ద. ఇంకేమీ లేదు. వెదురు కిర్రుకిర్రుమంటోంది. ఏడడుగులు నడిచి, దింపుడు కల్లం దగ్గర దించినట్టే దించారు. పెద్దాయన నా చెవి దగ్గర వంగి నా పేరు పెట్టి పిలిచాడు. మొదటి రెండు పిలుపులకూ పలకకూడదని ముందే చెప్పారు. ఆ రెంటికీ మధ్య, పలుకుదామన్నా ఇక నాలుక కదలదేమోనని ఒక భయం పుట్టింది. మూడోసారి పిలిచాడు. "ఓ" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

కట్లు విప్పుతూ అడిగాడు. "పైనుంచి ఏం కనవడ్డది సార్?"

"మోసేవాళ్ళ మొహాలు కనపడలేదు."

"ఎన్నటికి కనవడయి. నిన్ను మోసేటోడు ఎవడో నీకు తెల్వది. అందుకే ఎవడు పిలిచినా పలకాలె. సంఘమంటే గంతే."

ఆ ముక్క నేను డైరీలో రాసుకున్నాను. రాసుకోవడంలో మనకి సాటి ఎవరు!

ఈ ఏడు వానలు మొదలైన రోజుల్లో మా అమ్మాయి సీమంతం. ముందురోజు మామిడాకులు కడుతుంటే ఫోన్ మోగింది. వెల్డింగు తమ్ముడు. సరూర్‌నగర్‌లో కిరాయికుండే పూలబండి సభ్యుడు దవాఖానలో ఉన్నాడని, ఆశ లేదని నాకు ముందే తెలుసు. కాబట్టి ఆ ఫోన్ ఎందుకో కూడా తెలుసు. పసుపు కుంకుమల పళ్ళెం పక్కన ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. మూడోసారి మోగినప్పుడు దాన్ని బోర్లా తిప్పి, స్టూలెక్కి మామిడాకులు సర్దాను. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా ఎలా తెరవను గేటు? ఎవరైనా అదే చేస్తారు. ఆ మాట ఆ రోజు నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

ఆ పూలబండి మనిషిని పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఎల్బీనగర్ ఫ్లైఓవర్ కింద అంబులెన్సులోనే ఉంచారట. ఆయన భార్య ఫుట్‌పాత్ మీద కూచుందట. పెద్దాయన రెండు రోజులు ఇంటికి రాలేదు. మైలతో వస్తే మా శుభకార్యానికి అడ్డమని ఎక్కడో బయటే ఉండిపోయాడు. మూడోనాడు డజను ఆకుపచ్చ గాజులు తెచ్చాడు.

"సీమంతం మంచిగయిందా బిడ్డా? పిల్లకు తొడుగు" అని మా ఆవిడ చేతికిచ్చాడు. ఇక నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఎగాదిగా చూశాడంతే. "తగ్గినవ్ సార్. నాలుగు కిలోలు."

అప్పట్నుంచి ఆయనే తగ్గడం మొదలైంది. దగ్గు పట్టుకుంది. పైగదిలోంచి ఆ దగ్గు వినిపించినంతసేపూ నాకు కుదురుండేది కాదు, ఆగిపోతే అసలే ఉండేది కాదు. దవాఖానకు వెళ్దామంటే "నలభై ఎనిమిదికొచ్చిన. నాకు నలుగురెందుకు, ఇద్దరు చాలు" అని నవ్వేవాడు. మా అమ్మాయికి మగపిల్లాడు పుట్టాడు. వాణ్ణి కిటికీలోంచి చూశాడే తప్ప లోపలికి రాలేదు.

దసరా వెళ్ళిన వారానికి గది ఊడ్చి, కడిగి, తాళంచెవి గేటు దిమ్మె మీద పెట్టాడు. రోజూ బత్తాయి పెట్టే చోటే. మార్కెట్టు దగ్గర మేనల్లుని గదిలో ఉంటే తిప్పలు తక్కువన్నాడు. మా ఆవిడ గొడుగు పట్టుకుని నిలబడింది. ఆయన తల వంచుకుని వీధి మలుపు దాకా నడిచి కనుమరుగయ్యాడు.

"బాబాయ్ గారు పోయొస్తానని అనలేదండీ" అంది ఆమె.

చావింటి నుంచి కదిలేటప్పుడు మా సంఘంవాళ్ళు పోయొస్తం అనరు. నాకు తెలుసు. ఆమెకు చెప్పలేదు. ఆయన వెళ్ళింది మార్కెట్టు కోసం కాదనీ, తొమ్మిదేళ్ళ కిందట నవ్వుతూ ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికనీ నాకు తెలుసు. నేను తెరవలేని గేటు దగ్గర నన్ను నిలబెట్టడం ఇష్టంలేక తన చావును తానే మోసుకుపోయాడు. ఆదివారం వెళ్ళి చూసొద్దామనుకున్నాను. ఆదివారాలు మూడు వచ్చాయి, మూడూ పోయాయి.

మంగళవారం ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నేను నిలబడింది ఇంత బరువుతో. వెల్డింగు తమ్ముడు అవతల "సార్... సార్..." అంటున్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. చెప్పాను.

"ఇక్కడికే తెమ్మనండి" అంది.

"పసిగుడ్డు ఉన్నాడే ఇంట్లో..."

"ఆ రోజు ఫోన్ మోగడం నేనూ విన్నానండీ. మూడుసార్లూ."

ఇన్నాళ్ళూ ఆమె కూడా దాన్ని దాచుకునే తిరుగుతోందని అప్పుడు తెలిసింది. ఫోన్లో "మా ఇంటికే" అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

మా గేటు రెండో రెక్క నాన్నగారిని తీసుకెళ్ళిన రోజు తర్వాత మళ్ళీ తీయలేదు. కింది గొళ్ళెం తుప్పుపట్టి బిగుసుకుంది. ఆమె కొబ్బరినూనె సీసా తెచ్చి గుమ్మరించి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి రాయితో కొట్టి ఊడదీసింది. అంబులెన్సు సందు తిరిగేసరికి ఎదురింటావిడ కిటికీలు మూసి పరిగెత్తుకొచ్చింది. "పసిపిల్లాడున్న కొంప! ఏం పనండీ ఇది?"

"మా బాబాయ్ గారు పోయారండీ" అంది మా ఆవిడ.

వాకిట్లో పడుకోబెట్టాం. మొహం మీద వాన చినుకులు పడుతుంటే ఆమె ఆ గొడుగే తెచ్చి పట్టుకుంది. తొమ్మిదేళ్ళకి ఆయన దాని కిందికొచ్చాడు.

పాడె ముందు ఎడమ పక్క నేను పట్టాను. నిజంగానే బరువు లేడు. దింపుడు కల్లం దగ్గర మేనల్లుడు "మామా" అని మూడుసార్లు పిలిచి లేచాడు. వెల్డింగు తమ్ముడు నన్ను చూసి "మీరు గూడ పిలువుండ్రి సార్" అన్నాడు. తడి నేల మీద మోకాళ్ళ మీద కూచుని ఆయన చెవి దగ్గర వంగాను. పెద్దాయనా, అన్నాను. రెండోసారి అన్నాను. మూడోసారి పిలిచాక, ఆనాడు నా "ఓ" కోసం ఆయన ఆగినట్టే నేనూ ఆగాను. చాలాసేపే ఆగాను.

"లేవుండ్రి సార్. చీకటి పడుతుంది" అన్నారెవరో.

తిరిగొచ్చాక మా పంపు దగ్గర అందరూ కాళ్ళు కడుక్కున్నారు. నీళ్ళు తాగలేదు. పోయొస్తం అనలేదు.

మొన్న మనవణ్ణి ఎత్తుకుంటే నా చెయ్యి దానంతటదే వాడి బరువు అంచనా కట్టింది. నాలుగున్నర. వాణ్ణి గభాలున మంచం మీద పడుకోబెట్టేశాను. క్లాసులో పిల్లల్ని చూసినా, అద్దంలో నన్ను చూసుకున్నా అదే వరస. ఇది ఆయన నాకిచ్చి పోయిన విద్యో, వేసి పోయిన శిక్షో తెలియదు.

గేటు రెండో రెక్క ఇంకా తెరిచే ఉంది. మూస్తానంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. వీధి కుక్కలు లోపలికొచ్చి పడుకుంటున్నాయి, రానీ అంటుంది. ఫోన్ ఎప్పుడూ బల్ల మీద వెల్లకిలానే ఉంటుంది. అది మోగినప్పుడల్లా మేమిద్దరం ముందు గేటు వైపు చూస్తాం, ఆ తర్వాత ఫోన్ తీస్తాను.